దుబాయ్ ట్రేడింగ్ కంపెనీ ద్వారా వెండి నగలు బయటి దేశాలకి పంపడం: ఈ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టొచ్చా?

కుంభఅంచు (బరంపురం):

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో బరంపురం, పెద్ద బజార్ దగ్గర. వెండి నగలు డిజైన్ చేస్తాను. మా ఊరి పట్టు చీర అంచు మీద గోపురాల్లాగా మొనలు తేలి వరసగా వచ్చే కుంభాలు చూసే ఉంటారు కదా, అవే కమ్మలకీ, చోకర్లకీ, వంకీలకీ ఎక్కించాను. సన్నతీగ పనంతా కటక్‌లో తారకసి పనివాళ్ళ చేత చేయిస్తాను, కూర్పు, రాళ్ళు పొదగడం, మెరుగు మాత్రం ఇక్కడే మా ఇంటి వెనక షెడ్డులో ఇద్దరు కంసాలులు చూసుకుంటారు. ఇన్నాళ్ళూ భువనేశ్వర్, వైజాగ్, హైదరాబాద్ ఎగ్జిబిషన్లలోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ అమ్ముకుంటూ వచ్చాను, పరవాలేదు, నడుస్తోంది.

ఇప్పుడు దుబాయ్‌లో ట్రేడింగ్ కంపెనీ నడుపుతున్న ఒకాయన వచ్చారు. ఇచ్ఛాపురం వాళ్ళు, మా పిన్నిగారి ఆడపడుచు వైపు చుట్టాలు. సరుకు చూసి చాలా బాగుందని, దుబాయ్‌తో మొదలుపెట్టి ఇంగ్లండ్, అమెరికా కూడా తానే చూసుకుంటానని అన్నారు. నిజానికి నాకు బయట ఎవరూ తెలియదు, ఆయనకి అక్కడి షాపులన్నీ తెలుసు. అంతవరకు బాగానే ఉంది. అగ్రిమెంట్ పంపారు, అది చదివాకే టెన్షన్ మొదలైంది.

అందులో ఉన్నవి క్లుప్తంగా చెబుతాను. ప్రపంచం మొత్తానికి (ఇండియా తప్ప) ఐదేళ్ళు నా నగలు ఆయన ఒక్కరే అమ్మాలి. సరుకు ముందు పంపాలి, అమ్ముడుపోయాక 60 రోజులకి డబ్బు. ధరల పట్టిక రెండేళ్ళు మారకూడదు. ట్యాగ్ మీద ఆయన కంపెనీ బ్రాండ్ ఉంటుంది, నా పేరు చిన్నగా వెనక. డిజైన్ల కంప్యూటర్ ఫైళ్ళు కూడా ఇవ్వాలి, "అక్కడ షాపులవాళ్ళు అడుగుతారు" అన్నారు. అమెరికా సుంకం గురించి అడిగితే "దుబాయ్ నుంచి పంపుతాం కదా, దుబాయ్ రేటే పడుతుంది, మీకెందుకు" అన్నారు.

ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకి ప్రభుత్వం ఇచ్చే నంబరు) తీసుకున్నాను, జీఎస్టీ ఉంది. ఎగుమతి మాత్రం ఎప్పుడూ చేయలేదు. ఎవరైనా ఇలా పార్ట్‌నర్ ద్వారా పంపినవాళ్ళు ఉంటే చెప్పండి. చుట్టరికం మధ్యలో ఉంది కాబట్టి గట్టిగా అడగడానికి మొహమాటంగా ఉంది, అదొకటి.

---

టంచ్ మాస్టారు (వైజాగ్):

అమ్మా, ముందు ఆ ధరల పట్టిక సంగతి చూడండి. మిగతావన్నీ బేరంలో సర్దుకుంటాయి కానీ ఇది మిమ్మల్ని ముంచుతుంది. వెండి రేటు 2025లో కిలో లక్ష దాటి ఎక్కడిదాకా వెళ్ళిందో మీకు తెలుసు, వెండి కొనేది మీరే కదా. ఏడాది మొదట్లో వేసిన ధరకి ఏడాది చివర సరుకు పంపమంటే మజూరీ కాదు కదా, తీగ ఖర్చు కూడా రాదు. రెండేళ్ళు ధర మారకూడదని వెండి వ్యాపారం తెలిసినవాడు ఎవడూ అడగడు. అడిగాడంటే ఆయనకి ఈ సరుకు కొత్తైనా అయ్యుండాలి, లేదా రేటు పెరిగితే నష్టం మీ నెత్తిన పడుతుందని తెలిసే అడిగుండాలి.

పద్ధతి ఏంటంటే, ధరని రెండు ముక్కలు చేయండి. వెండి విలువ ఒకటి, మజూరీ ఒకటి. వెండి విలువకి లండన్‌లో రోజూ ప్రకటించే ఎల్‌బీఎంఏ రేటు పట్టుకోండి, ఇన్‌వాయిస్ వేసిన రోజుదో, అడ్వాన్సు అందిన రోజుదో, ఏదో ఒకటి రాసుకోండి. అది ట్రాయ్ ఔన్సుకి ఇస్తారు, ఔన్సు 31.1035 గ్రాములు. మామూలు ఔన్సు 28.35 గ్రాములు, ఆ రెండూ కలిపేసి లెక్క తప్పినవాళ్ళని చూశాను. దానికి మీ తరుగు కలపండి. తారకసిలో తరుగు మామూలు నగకంటే ఎక్కువ ఉంటుందని మీకు చెప్పక్కర్లేదు. మజూరీ మాత్రం రూపాయల్లో స్థిరంగా ఉంచండి, ఏడాదికోసారి మార్చుకునే హక్కు మీకు ఉండాలి. ఇలా చేస్తే ఆయనకీ న్యాయమే, రేటు పడితే లాభం ఆయనకే పోతుంది.

రెండోది, సరుకు ముందు డబ్బు తర్వాత. దీన్ని కన్‌సైన్‌మెంట్ అంటారు, వింటానికి మర్యాదగా ఉంటుంది. అసలు సంగతి, ఆయన షాపుకి మీ పెట్టుబడితో సరుకు నింపుతున్నారు. అమ్ముడుపోయాక 60 రోజులు అన్నారు కదా, అమ్ముడుపోయిందని మీకు ఎవరు చెబుతారు? ఆయనే. అమ్ముడుపోనివి వెనక్కి వస్తే విమానం ఖర్చు ఎవరిది? మళ్ళీ మన కస్టమ్స్ దగ్గర ఇది మనం పంపిన సరుకే అని రుజువు చేయాలి, లేకపోతే దిగుమతి సుంకం కట్టి మీ నగలు మీరే కొనుక్కున్నట్టు అవుతుంది. ఒక్కో నగకి ఫోటో, బరువు, నంబరు ఇన్‌వాయిస్‌లో ఉంటే తప్ప ఆ రుజువు కష్టం.

మొదటి ఆర్డర్ చిన్నదిగా పెట్టి, సగం అడ్వాన్సు, సగం సరుకు ఎయిర్‌పోర్టులో అప్పగించే ముందు తీసుకోండి. ఎల్‌సీ (కొనేవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) పెట్టమని ఎవరైనా సలహా ఇస్తారు, చిన్న ఆర్డర్లకి బ్యాంకు చార్జీలకే సరిపోతుంది, వద్దు.

---

జయపురం లెక్కలు:

దుబాయ్ మీదుగా పంపితే దుబాయ్ రేటు పడుతుందన్నది తప్పు, దాని మీద ఆధారపడి ఏ లెక్కా వేసుకోకండి. అమెరికా సుంకం వేసేది సరుకు ఎక్కడ తయారైందో చూసి, ఏ ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కిందో చూసి కాదు. కటక్‌లో తీగ తీసి, బరంపురంలో కూర్చిన నగ దుబాయ్‌లో పెట్టె మార్చుకున్నంత మాత్రాన దుబాయ్ నగ అయిపోదు. 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు చాలావాటి మీద అమెరికా 50 శాతం సుంకం వేసింది, తర్వాత రేట్లు మారుతూ వచ్చాయి, కాబట్టి పంపే వారంలో ఉన్న రేటు చూసుకోవాలి. కానీ సుంకం తప్పించడానికి వేరే దేశం మీదుగా తిప్పిన సరుకుకి 40 శాతం సుంకం అని ఆ ఏడాది జూలై చివరి ఉత్తర్వులో అప్పట్లో రాశారు, జరిమానాలు వేరే, అది కూడా ఇప్పుడు ఎలా ఉందో చూసుకోవాలి. కాగితం మీద తయారైన దేశం తప్పు రాస్తే ఇరుక్కునేది అక్కడ దిగుమతి చేసుకున్నవాడు, ఆ తర్వాత వాడు మీ మీదికి తిరుగుతాడు. చిన్న పార్సిళ్ళుగా పంపేద్దాం అనుకోకండి, 800 డాలర్ల లోపు సుంకం లేదన్న వెసులుబాటు 2025 ఆగస్టు 29న ఎత్తేశారు.

అయితే దుబాయ్‌లోనే అమ్మేది వేరే సంగతి. మనకీ యూఏఈకీ ఉన్న ఒప్పందం 2022 మే 1 నుంచి అమల్లో ఉంది, నగల మీద అక్కడ ఉన్న 5 శాతం సుంకం మనకి పోయింది. దానికి సర్టిఫికెట్ ఆఫ్ ఒరిజిన్ (సరుకు ఇక్కడే తయారైందన్న పత్రం) ఉండాలి, కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ పోర్టల్‌లోనే తీసుకుంటారు. అది లేకుండా సరుకు పంపేసి తర్వాత వెతుక్కోవడం మన జనం ఎక్కువగా చేసే పని.

ఇక ఇక్కడి పనులు. ఐఈసీ ఉందన్నారు, అది ప్రతి ఏడాది ఏప్రిల్ నుంచి జూన్ లోపు ఆన్‌లైన్‌లో సరిచూసి కన్ఫర్మ్ చేయాలి, మార్పులేం లేకపోయినా చేయాలి, లేకపోతే ఆపేస్తారు. జీఎస్టీలో ఎల్‌యూటీ (పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఇచ్చే హామీ పత్రం) వేయండి, ఆర్‌ఎఫ్‌డీ-11 ఫారం, ప్రతి ఆర్థిక సంవత్సరానికీ కొత్తగా. అది ఉంటే ఎగుమతి బిల్లు మీద 3 శాతం కట్టి రీఫండ్ కోసం తిరిగే పని ఉండదు. మీ బ్యాంకు దగ్గర ఏడీ కోడ్ (విదేశీ డబ్బు ఏ బ్యాంకుకి వస్తుందో చెప్పే నంబరు) తీసుకుని ఏ ఎయిర్‌పోర్టు నుంచి పంపుతారో అక్కడి కస్టమ్స్‌లో నమోదు చేయించాలి, ఎయిర్‌పోర్టు మారితే మళ్ళీ. బ్రాంచిలో ఫారెక్స్ డెస్క్ లేకపోతే వాళ్ళు వేరే బ్రాంచికి పంపుతారు, ముందే వెళ్ళి కనుక్కోండి.

కన్‌సైన్‌మెంట్‌కి టంచ్ మాస్టారు చెప్పని ఇబ్బంది ఇంకోటి ఉంది. ఎగుమతి చేసిన సరుకు డబ్బు ఆర్‌బీఐ పెట్టిన గడువు లోపల బ్యాంకు ద్వారా రావాలి. ప్రతి షిప్పింగ్ బిల్లూ (కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం) బ్యాంకు కంప్యూటర్‌లో తెరిచి ఉంటుంది, డబ్బు వచ్చాకే మూస్తారు. ఆయన సరుకు అమ్మకపోతే, మీ బిల్లులు తెరిచే ఉంటాయి, నోటీసు వచ్చేది మీకు. ఆయనకి ఏమీ రాదు.

---

లెస్టర్ కోడలు:

నేను పుట్టింది పర్లాకిమిడి, ఇప్పుడు ఇంగ్లండ్‌లో చిన్న నగల షాపులో పని. ఇక్కడి సంగతి చెబుతాను, ఇది మీ ట్రేడింగ్ ఆయనకి తెలుసో లేదో ముందు అడగండి.

బ్రిటన్‌లో 7.78 గ్రాములు దాటిన వెండి వస్తువుని "వెండి" అని చెప్పి అమ్మాలంటే ఇక్కడి హాల్‌మార్క్ ఉండాలి. లండన్, బర్మింగ్‌హామ్, షెఫీల్డ్, ఎడిన్‌బరో, ఈ నాలుగు చోట్లే అస్సే ఆఫీసులు, అంటే పరీక్షించి ముద్ర వేసేవి. మన బీఐఎస్ ముద్ర ఇక్కడ చెల్లదు. మీ కమ్మల్లో చిన్నవి తప్పించుకోవచ్చు, చోకరూ వంకీ తప్పించుకోవు. ఇక్కడ ఎవరో ఒకరు తమ పేరు మీద స్పాన్సర్ ముద్ర (సరుకు ఎవరు పంపారో చెప్పే గుర్తు) నమోదు చేసుకుని, సరుకు అక్కడికి పంపి ముద్ర వేయించాలి. ఆ ముద్ర ఎవరి పేరు మీద ఉంటుంది, ఖర్చెవరిది అన్నది అగ్రిమెంట్‌లో లేకపోతే రాయించండి. నాజూకుగా ఉన్న తారకసి మీద ముద్ర కొట్టడం కుదరక లేజర్‌తో వేస్తారు, అది మీరు ముందే చెబితే మంచిది.

టంకం సంగతి ఇంకా ముఖ్యం. తీగ ఎంత మంచి టంచ్ (వెండి స్వచ్ఛత) అయినా తారకసిలో టంకం ఎక్కువ పడుతుంది, నగ మొత్తం కరిగించి చూస్తే 925 (వెయ్యికి 925 పాళ్ళు వెండి) రాకపోవచ్చు. అందుకని తీగ టంచ్ పైన ఉంచుకోవాలి, కటక్ వాళ్ళకి ఇది తెలిసే ఉంటుంది, కానీ మీ షెడ్డులో కూర్పు చేసేవాళ్ళు ఏ టంకం వాడుతున్నారు? కేడీఎం అని ఒకప్పుడు బోర్డులు పెట్టి మరీ అమ్మేవారు కదా, అది కాడ్మియం. ఇక్కడా, యూరప్‌లోనూ నగలోని లోహంలో కాడ్మియం 0.01 శాతం దాటకూడదు. సీసం 0.05 శాతం. పాత అలవాటుతో ఒక్క కమ్మకి ఆ టంకం వేసినా లాట్ మొత్తం పోతుంది.

తర్వాత చెవిలోకి దూరే కాడ, వెనక మర. చాలామంది బజార్లో రెడీమేడ్ జర్మన్ సిల్వర్ మరలు తెచ్చి వేస్తారు. పేరులో సిల్వర్ ఉంది కానీ అందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింక్. చెవికి దూరే భాగం నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకి 0.2 మైక్రోగ్రాములు మించి నికెల్ బయటికి రాకూడదని ఇక్కడి నియమం, ఒంటికి తగిలే మిగతా భాగాలకి 0.5. రోడియం పాలిష్ వేసేటప్పుడు అడుగున నికెల్ పూత వేసే పాలిష్‌వాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళని అడగకుండా వదలకండి. చెవి వాచిందని ఒక కస్టమర్ కంప్లైంట్ ఇస్తే షాపువాళ్ళు మీ సరుకు మళ్ళీ ముట్టుకోరు.

మీ కుంభం కమ్మల ఫోటో ఇన్‌స్టాలో చూశాను, మా అత్తగారు కావాలన్నారు. అది వేరే సంగతి.

---

ధోక్రా సంచి (రాయగడ):

అందరూ ఆవిడని భయపెట్టేస్తున్నారు. నేను కొంచెం తేడాగా చెబుతాను, కోప్పడకండి.

ఎక్స్‌క్లూజివ్, అంటే తానొక్కడే అమ్మే హక్కు, అడగడం తప్పేం కాదు. ఆయన దుబాయ్‌లో షాపులకి తిరిగి, ఎగ్జిబిషన్‌లో స్టాల్ కట్టి, ఫోటోలు తీయించి మీ సరుకుకి గిరాకీ తెస్తే, రేపు పక్కవాడు వచ్చి మీ దగ్గర తక్కువకి కొని ఆ షాపుకే అమ్మితే ఆయన గతేంటి? నేను ఇత్తడి ధోక్రా పూసలు, కొండ మనుషుల నగలు బయటికి పంపుతుంటాను, నా కొనుగోలుదారులు కూడా ఇదే అడుగుతారు, ఇస్తాను కూడా. కానీ ఎలా ఇస్తానంటే, ఒక దేశానికి ఇస్తాను, ఏడాదికి ఇస్తాను, ఏడాదిలో కనీసం ఇంత కొనాలని అంకె రాస్తాను. అంతకి తగ్గితే ఆ హక్కు దానంతట అదే పోతుంది, నోటీసు, కోర్టు ఏమీ ఉండవు. ఆ కనీసం అంకె లేని ఎక్స్‌క్లూజివ్ ఇచ్చారంటే మీ నగలు ఆయన బీరువాలో ఐదేళ్ళు పడుకున్నా మీరు ఇంకెవరికీ అమ్మలేరు. కాబట్టి యూఏఈ ఇవ్వండి, ఇంగ్లండ్, అమెరికా ఇప్పుడే ఇవ్వకండి. ఆయన దుబాయ్‌లో అమ్మి చూపిస్తే తర్వాత మాట్లాడుకోవచ్చు.

ఇంకో దారి కూడా ఉంది, ఎవరూ చెప్పలేదు. జైపూర్, ముంబై, ఢిల్లీలో మర్చంట్ ఎక్స్‌పోర్టర్లు ఉంటారు. వాళ్ళు మీ దగ్గర ఇక్కడే రూపాయల్లో కొనేసి, వాళ్ళ పేరు మీద ఎగుమతి చేస్తారు. షరతులు పాటిస్తే 0.1 శాతం జీఎస్టీతో బిల్లు వేయొచ్చు, 90 రోజుల్లోపు సరుకు దేశం దాటాలి. ధర తక్కువ వస్తుంది, మీ పేరు బయట ఎవరికీ తెలియదు, కానీ రాత్రి నిద్ర పడుతుంది. కొత్తవాళ్ళకి ఇది చెడ్డ మొదలు కాదు. ముంబైలో నగల ఎగుమతిదారుల మండలి జీజేఈపీసీ వాళ్ళు పెట్టే ఐఐజేఎస్ నగల ప్రదర్శనకి ఒకసారి వెళ్తే ఇలాంటి వాళ్ళని డజన్ల కొద్దీ చూస్తారు, మీ దుబాయ్ ఆయన మాటకి ఎంత బలం ఉందో కూడా అక్కడే తెలిసిపోతుంది.

చుట్టరికం గురించి ఒక్క మాట. కాగితం అడిగితే బాధపడే చుట్టం, డబ్బు ఆపినప్పుడు మీరు బాధపడతారని ఆలోచించడు.

---

కుంభఅంచు (బరంపురం):

ఇంత వివరంగా చెబుతారనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. లెస్టర్ కోడలు గారూ, మీ మెసేజ్ చదివి వెంటనే షెడ్డులోకి వెళ్ళి అడిగాను. టంకం మా పెద్ద కంసాలిగారు స్వయంగా కాచుకుంటారట, కాడ్మియం వేయరు. మరలు మాత్రం గేట్ బజార్‌లో కొన్నవే, వాటిలో ఏముందో ఆయనకీ తెలియదు. మీ అత్తగారికి తప్పకుండా పంపిస్తాను, మరలు మార్చాకే.

రెండు సందేహాలు మిగిలాయి. డిజైన్ ఫైళ్ళు ఇవ్వాలా? ఇవ్వకపోతే ఆయన నొచ్చుకుంటారేమో. ఇచ్చేముందు డిజైన్ రిజిస్టర్ చేయిద్దామంటే, నా డిజైన్లన్నీ ఇప్పటికే ఇన్‌స్టాలో ఉన్నాయి. రెండోది ట్యాగ్ మీద "కటక్ తారకసి" అని రాయాలని ఆయన అంటున్నారు, దానికి పేరుందని. తీగ పని కటక్‌దే కాబట్టి రాయొచ్చు కదా?

---

జయపురం లెక్కలు:

ఫైళ్ళు ఇవ్వకండి. షాపువాడికి కావాల్సింది ఫోటో, కొలత, బరువు. కంప్యూటర్ ఫైలు కావాల్సింది అచ్చు పోసేవాడికి మాత్రమే. ఆ ఫైలుతో తారకసి కాకపోయినా దాని ఆకారాన్ని ఏ కాస్టింగ్ యూనిట్‌లోనైనా దించేస్తారు.

డిజైన్ రిజిస్ట్రేషన్‌కి 2000 నాటి డిజైన్స్ చట్టం. ముందు పదేళ్ళు, తర్వాత ఇంకో ఐదేళ్ళు పొడిగించుకోవచ్చు, కోల్‌కతా ఆఫీసు చూస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్, మనిషి పేరు మీద అయితే వెయ్యి రూపాయల ఫీజు. కానీ అప్పటికే బయటపెట్టిన డిజైన్ కొత్తది కిందికి రాదు. ఇన్‌స్టాలో పెట్టారంటే బయటపెట్టినట్టే. ఉన్నవి వదిలేయండి, దుబాయ్ కోసం గీసే కొత్త వరస ఫోటో ఎక్కడా పెట్టకుండా, ఆయనకీ చూపించకుండా ముందు దరఖాస్తు వేయండి. ఇక్కడ వేసిన ఆరు నెలల్లోపు బయటి దేశంలో వేస్తే ఇక్కడి తేదీ అక్కడా లెక్కలోకి వస్తుంది. కాపీరైట్ ఉందిలే అనుకోకండి, రిజిస్టర్ చేయదగిన డిజైన్ని రిజిస్టర్ చేయకుండా 50కి మించి తయారు చేస్తే ఆ హక్కు పోతుందని కాపీరైట్ చట్టం 15వ సెక్షనే చెబుతోంది. ఇంకోటి, కుంభం వరస మీ సొంతం కాదు, అది ఊరి నేత. దాన్ని మీరు నగలో కూర్చిన తీరు వరకే మీది.

బ్రాండ్ పేరు మీద ఇంకా జాగ్రత్త. మీ పేరుకి ట్రేడ్‌మార్క్ ఉందా? లేకపోతే ఈ వారమే 14వ క్లాసులో వేయండి, అది నగల క్లాసు, విడి మనిషికి ఆన్‌లైన్‌లో 4,500. మాడ్రిడ్ పద్ధతిలో (ఒకే దరఖాస్తుతో చాలా దేశాల్లో ట్రేడ్‌మార్క్ అడిగే ఒప్పందం) మనం 2013 నుంచి ఉన్నాం, యూఏఈ 2021 చివర్లో చేరింది, కాబట్టి ఇక్కడి దరఖాస్తు ఆధారంగానే అక్కడికీ వేయొచ్చు. మీరు వేయకపోతే అమ్మేవాడు తన పేరు మీద వేసుకుంటాడు. తర్వాత విడిపోతే మీ పేరుతో మీరే దుబాయ్‌లో అమ్మలేరు. ఆయన చెడ్డవాడని నేననడం లేదు, ఆయన లాయరు ఆయనకి అదే సలహా ఇస్తాడు.

---

టంచ్ మాస్టారు (వైజాగ్):

"కటక్ తారకసి" అని రాయకండి. 2024లో దానికి జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అన్న భౌగోళిక గుర్తింపు) వచ్చింది. ఆ పేరు వాడాలంటే ఆ ప్రాంతంలో తయారై, అధికారిక వాడకందారుగా నమోదైనవాళ్ళ సరుకు కావాలి. తీగ అక్కడ, కూర్పు బరంపురంలో అయితే వాదన వస్తుంది. మీ పనివాళ్ళు నమోదు చేయించుకున్నారేమో కనుక్కోండి, ఉంటే వాళ్ళ సాయంతోనే దారి దొరుకుతుంది. లేకపోతే "వెండి తీగ పని, బరంపురం కూర్పు" అని రాసుకోండి, అది నిజం కూడా.

సరుకు పంపే పద్ధతి ఒకటి మర్చిపోయాను. ఆయన అగ్రిమెంట్‌లో ఎఫ్‌ఓబీ అని ఉందేమో చూడండి, చాలామంది అలవాటుగా అదే రాస్తారు. సరుకు బాధ్యత మీ నుంచి ఆయనకి ఎక్కడ మారుతుందో చెప్పే పదం అది, ఓడల కోసం పెట్టింది. విమానానికి ఎఫ్‌సీఏ రాయించండి, ఎయిర్‌పోర్టులో ఆయన మనిషికి అప్పగించాక పోయినా పగిలినా ఆయనదే. ఇన్సూరెన్స్ మీరు కట్టాలంటే సీఐపీ, ఆ ఖర్చు ధరలో కలపండి. మామూలు కొరియర్లు చాలావరకు వెండి బంగారం తీసుకోవు, తీసుకున్నా పోతే ఇచ్చేది నామమాత్రం. పెట్టె మీద "ఫ్యాన్సీ ఐటమ్స్" అని రాసి పంపేయమని ఎవరో చెబుతారు. వినకండి.

---

కుంభఅంచు (బరంపురం):

నిన్న ఆయనతో ఫోన్‌లో మాట్లాడాను. అమ్మ పక్కనే కూర్చుంది, అందుకే కొంచెం ధైర్యం.

యూఏఈకి మాత్రమే, ఏడాదికి, కనీసం ఇంత కొనాలి అన్నదానికి ఆయన కాసేపు గొణిగి ఒప్పుకున్నారు, అంకె మీద ఇంకా బేరం నడుస్తోంది. వెండి రేటు ఆ రోజుది అన్నదానికి వెంటనే సరే అన్నారు, ఆశ్చర్యం వేసింది, బహుశా టంచ్ మాస్టారు చెప్పినట్టు ఈ సరుకు ఆయనకి కొత్తేనేమో. అడ్వాన్సు దగ్గర మాత్రం కదలడం లేదు, "చుట్టాల మధ్య అడ్వాన్సేంటమ్మా" అంటున్నారు. ఫైళ్ళ విషయం మళ్ళీ ఎత్తలేదు. అమెరికా సంగతి అడిగితే "అది తర్వాత చూద్దాం" అన్నారు. ట్రేడ్‌మార్క్ దరఖాస్తుకి మా వీధిలో ఉన్న లాయరుగారికి కాగితాలు ఇచ్చేశాను.

అడ్వాన్సు లేకుండా మొదటి ఆర్డర్ పంపడానికి ఏమైనా మధ్యేమార్గం ఉందా?

---

ధోక్రా సంచి (రాయగడ):

ఉంది. ఈసీజీసీ అని కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1957 నుంచి ఉంది, బయటి కొనుగోలుదారుడు డబ్బు ఎగ్గొడితే బీమా ఇస్తుంది. వాళ్ళ దగ్గరికి వెళ్తే ముందు ఆయన కంపెనీ గురించి వాకబు చేసి ఎంతవరకు అప్పు ఇవ్వొచ్చో చెబుతారు. చిన్న ఎగుమతిదారులకి వేరే పాలసీ ఉంది. వాళ్ళు ఆయన కంపెనీకి పరిమితి ఇవ్వం అంటే మీకు జవాబు దొరికినట్టే. బీమా కూడా కాగితం మీద మీరు అప్పిచ్చిన సరుకుకే వర్తిస్తుంది, కన్‌సైన్‌మెంట్ సరుకుకి షరతులు వేరు, అది విడిగా అడగండి. పోయిన మొత్తమంతా ఇవ్వరు, కొంత వాటా మీమీదే ఉంటుంది, అది కూడా అడగండి.

చుట్టాల మధ్య అడ్వాన్సేంటి అన్నారు కదా. అలాగైతే చుట్టాల మధ్య అప్పేంటి అని అమ్మగారి చేత అనిపించండి, మీరు అనకండి.

---

లెస్టర్ కోడలు:

ఆయన దుబాయ్ ట్రేడ్ లైసెన్సు కాపీ కూడా అడగండి. దాని మీద ఏ వ్యాపారానికి అనుమతో రాసి ఉంటుంది, నగలు అని ఉండాలి. ఫ్రీజోన్ (పన్ను వెసులుబాట్లున్న ప్రత్యేక ప్రాంతం) కంపెనీ అయితే ఊళ్ళో షాపులకి నేరుగా అమ్మడానికి విడిగా అనుమతులు కావాలి. ఇది అడగడంలో మొహమాటం ఏం లేదు, మా షాపువాళ్ళు నా సొంత ఆడపడుచుని కూడా అడిగారు.

మరలకి సర్జికల్ స్టీల్ వద్దు, అందులోనూ నికెల్ ఉంటుంది, పరీక్ష రిపోర్టు ఉంటేనే వాడాలి. వెండి కాడలే మీ కంసాలిగారి చేత తీయించండి, 925తోనే. కమ్మకి కొన్ని పదుల రూపాయలు పెరుగుతుంది, పెరగనివ్వండి.